వేలాడే నాగలికి బొట్టు

పటాలు తగిలించే పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఇప్పుడు మొదటి రోజే తెల్ల గ్లవ్స్ ఇస్తున్నారట. సంతోషం. నాకు మొదటి రోజు ఇచ్చింది "ముట్టుకోకు" అనే మాట ఒక్కటే. గ్లవ్స్ బొంబాయి నుంచి విమానంలో దిగిన టెక్నీషియన్‌కు. ఆయన పటం ఒక కొస పట్టుకుంటే రెండో కొస నేను పట్టుకోవాలి, కానీ ముట్టుకోకూడదు. చొక్కా అంచు బయటికి లాగి, చేతులకు చుట్టుకుని పట్టుకున్నాను. సాయంత్రానికి బొత్తాలు ఊడిపోయాయి. ఆ బొత్తాల సంగతి ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఇలాంటివి మరిచిపొమ్మని మా ఆవిడ అంటుంది. నేను మరిచిపోతే మీకెవరు చెబుతారు?

ఆర్ట్ టెక్నీషియన్ అంటే ఎవరో తెలియక చాలామంది నన్ను ఏసీ బాగుచేసేవాడు అనుకునేవారు. పటాలు, శిల్పాలు, పేరు పెట్టడానికి వీల్లేని మరికొన్ని వస్తువులు ఉంటాయి. వాటిని పెట్టెల్లోంచి దెబ్బ తగలకుండా తీసి, గోడకో కప్పుకో నిలబెట్టి, లైటు సరిగా పడేలా చూసి, ప్రదర్శన అయ్యాక మళ్ళీ పెట్టెల్లో సర్ది పంపేవాడే టెక్నీషియన్. పని సరిగా జరిగితే అక్కడొకడు పనిచేశాడని చూసేవాళ్ళకు తెలియకూడదు. ఇది ఈ వృత్తిలో గొప్ప సూత్రమని పెద్దలంటారు. ధన్యవాదాలు చెప్పేటప్పుడు కూడా వాళ్ళు ఆ సూత్రాన్ని తప్పరు.

మాది అత్వెల్లి. మేడ్చల్ హైవే పక్కన చెక్కపెట్టెలు కొట్టే షాపులో పనిచేసేవాణ్ణి. తుర్కపల్లి ల్యాబులకు వచ్చీపోయే మిషన్లకు మేమే పెట్టెలు చేసేవాళ్ళం. గాజు సామాను లారీలో ఎంత ఎగిరినా పెట్టెలో కదలకుండా ఉండాలంటే స్పాంజిని ఎక్కడ కోయాలో, ఎక్కడ కోయకూడదో నేర్చుకున్నది అక్కడే.

ఆ రోజుల్లో షామీర్‌పేట అవతల మామిడి తోటలో ఒక పెద్దమనిషి కళాకేంద్రం కట్టించాడు. పొలాలు కొని ప్లాట్లు చేసి అమ్మడం ఆయన వ్యాపారం. అమ్మీ అమ్మీ విసుగొచ్చి కళ మీద ప్రేమ పుట్టినట్టుంది. దాన్ని నడపడానికి పట్నం నుంచి ఒక మేడం వచ్చింది. ఆవిడ శిల్పాల పెట్టెల కోసం మా షాపుకు వచ్చి, నేను చేసిన పెట్టె మూత తీసి, వేసి, మళ్ళీ తీసి చూసింది.

"నువ్వే చేశావా? మా దగ్గరికి వచ్చెయ్. టెక్నీషియన్‌గా నేర్చుకోవచ్చు."

టెక్నీషియన్ అన్న మాట నాకు బాగా వినిపించింది. నేర్చుకోవచ్చు అన్నది అంతగా వినిపించలేదు. షాపు సేటుకు చెబితే, "పో, నిన్ను ఆపెటోడెవడు? గని వాపసొస్తె నీ స్టూలు మీద ఇంకోడు కూసోని ఉంటడు" అన్నాడు. నేను గేటు దాటకముందే ఇంకొకణ్ణి కూర్చోబెట్టాడు కూడా.

కళాకేంద్రంలో ఇచ్చిన కార్డు మీద 'హెల్పర్' అని ఉంది. అప్పటికే మా ఆవిడ నేను టెక్నీషియన్ అయ్యానని అత్వెల్లిలోనూ, తన పుట్టిల్లయిన గౌడవెల్లిలోనూ చాటింపు వేసేసింది. మా బామ్మర్ది పనిగట్టుకుని బండి మీద వచ్చాడు.

"బావా, ఏది కార్డు, సూపియ్యి సూత్తం."

'హెల్పర్' అన్న మాట మీద బొటనవేలు పెట్టి చూపించాను.

"ఏలు దియ్యి బావా, కనవడ్తలేదు."

"కంపెనీ రూలు. పూర్తిగ సూపెట్టొద్దు."

వాడు నవ్వలేదు. నవ్వకపోవడమే నాకు ఎక్కువ మండింది. వెనక్కి పోతే స్టూలు లేదు, ముందుకు పోతే పేరు లేదు. మేడంను అడిగితే, "మొదటి ప్రదర్శన ప్రారంభం సాఫీగా జరగనీ, అప్పుడు చూద్దాం" అంది. ఆ ప్రారంభం మీదే నా బతుకంతా పెట్టుకుని ఎదురుచూశాను.

ఆ మొదటి ప్రదర్శన ఢిల్లీ నుంచి వచ్చిన ఒక కళాకారుడిది. ఆయన మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, పొలాలు ప్లాట్లయ్యాక మూలన పడేసిన కొయ్య నాగళ్ళు కొన్నాడు. వాటిని పెద్ద హాల్లో కప్పు నుంచి మనిషి ముఖం ఎత్తులో వేలాడదీయించాడు. కర్ర కిందికి, మొన పైకి. దానికి ఒక ఇంగ్లీషు పేరుంది, నాకు ఈనాటికీ నోరు తిరగదు. పొలం పోయిన రైతు గురించి అని మేడం చెప్పింది. పొలం ఎవరు కొన్నారో మాత్రం ఆ పేరులో లేదు.

వేలాడదీసింది బొంబాయి టెక్నీషియన్ అని అందరూ అన్నారు. ఆయనకు నిచ్చెన ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. ఎక్కింది నేను. చైన్ పుల్లీతో ఒక్కొక్క నాగలినీ పైకి లాగి కొక్కేనికి తగిలించింది నేను. కింద నిలబడి "లెఫ్ట్, రైట్" అన్నది ఆయన. పేపరువాళ్ళు వచ్చి ఫోటో తీసుకున్నారు. మర్నాడు పేపర్లో ఆయన ఉన్నాడు, నాగలి ఉంది, నిచ్చెన ఉంది. పైమెట్టు మీద నా చెప్పులు కూడా ఉన్నాయి. చెప్పుల పైన కత్తిరించారు.

మర్నాడు ప్రారంభం అనగా దసరా వచ్చింది. బొంబాయి ఆయన తన పని అయిపోయిందని పండక్కి ఇంటికి వెళ్ళిపోయాడు. మేము పొద్దున్నే వెనక షెడ్డు ముందు గోనెపట్టా పరిచి డ్రిల్లు, సుత్తి, రంపం, చైన్ పుల్లీ వరసగా పెట్టాం. తోటపని చేసే అవ్వ గౌడవెల్లి నుంచి పసుపు, కుంకుమ, బంతిపూలు తెచ్చింది. పనిముట్లన్నిటికీ బొట్లు పెడుతుంటే మా ఎలక్ట్రీషియన్ భాయ్ తన టెస్టర్ కూడా తెచ్చి చివర పెట్టాడు. ఆయనది షామీర్‌పేట. బిల్డింగు పునాది నుంచీ ఇక్కడే ఉన్నాడు.

"దీనికి సుత పెట్టు అవ్వా. నిరుడు మర్శిపోతె కరెంటు గుంజి కొట్టింది."

"నీకు నమాజున్నది గదరా!"

"నాకున్నది అవ్వా. టెస్టర్‌కు లేదు."

కొబ్బరికాయ కొట్టి, జమ్మి ఆకులు పంచుకుని, ఎవరిళ్ళకు వాళ్ళం పోయాం. మొక్కలకు నీళ్ళు పెట్టాలని అవ్వ ఒక్కతే ఉండిపోయింది. గోడల కొత్త రంగు వాసన పోవడానికి హాలు తలుపులు తీసి ఉంచమన్నది మేడమే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆవిడ గుర్తుంచుకోలేదు.

మర్నాడు పొద్దున నేను సైకిల్ స్టాండు వేస్తుండగానే హాల్లోంచి మేడం కేక వినిపించింది. పరుగెత్తుకుపోయి చూస్తే నాగళ్ళన్నీ పెళ్ళికి తయారైనట్టున్నాయి. ప్రతి కర్రకూ పసుపు, పసుపు మీద కుంకుమ బొట్టు, మొన దగ్గర ఒక బంతిపువ్వు. ఒక్కదాన్ని కూడా వదల్లేదు.

మేడం వేలు సరిగ్గా నా ముక్కు మీదికి వచ్చి ఆగింది. "నువ్వే కదా నిన్న పూజ పెట్టించింది?"

నేను నోరు తెరిచేలోపు అవ్వ నీళ్ళ పైపు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఆనిమీద ఒర్రకు బిడ్డా. నేనే పెట్టిన. పండుగ పూట పనిముట్లకు బొట్టు లేకుంట ఎట్లుంచుతరు?"

"అవ్వా, అవి పనిముట్లు కావు. ఆర్ట్."

"ఎప్పటి సంది?"

మేడం మళ్ళీ నా వైపే తిరిగింది. జవాబు లేని కోపం ఎప్పుడూ జీతం తక్కువున్నవాడి మీదికే వస్తుంది. "లోపలికి ఎవరొస్తున్నారో చూసుకోవద్దా? మధ్యాహ్నం ఆర్టిస్ట్ వస్తాడు. అన్నీ తుడిచెయ్. తుడిచి, కార్డు ఆఫీసులో ఇచ్చేసి వెళ్ళు. రేపట్నుంచి రావద్దు."

నాగళ్ళ మధ్య నిలబడి జేబులోంచి కార్డు తీసి చూసుకున్నాను. కార్డు ఇచ్చేస్తే బామ్మర్దికి వేలు అడ్డం పెట్టి చూపించడానికి కూడా ఏమీ ఉండదు. భాయ్ స్విచ్ బోర్డు దగ్గర నుంచి తల తిప్పి, "గట్ల మొఖం ఏలాడేస్కోకు మియా, ఆర్ట్ అనుకోని నీకు సుత లైట్ ఏస్తరు" అన్నాడు.

సబ్బునీళ్ళతో కడగమని ఎవరో అంటే మేడమే వద్దంది. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఆవిడకూ తెలుసు. అందుకని పొడిదూదితో ఒత్తి ఒత్తి తీశాను. ఇనుప మొనలకు అంటినవి వెంటనే పోయాయి. కర్ర పాతది, నూనె వార్నిషు ఎరగనిది, పసుపును మింగేసింది. ఎంత తీసినా లేత పసుపు చాయ మిగిలింది. దూరం నుంచి చూస్తే కనిపించదు. కళాకారులు దూరం నుంచి చూడరని నాకప్పుడు తెలియదు.

ఆయన మధ్యాహ్నం దిగాడు. మన ఎండలో మెడకు ఎర్ర ఊలు గుడ్డ చుట్టుకుని వచ్చాడు. హాల్లోకి రాగానే మొదటి నాగలి దగ్గర ఆగి, ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి, "ఏమిటిది?" అని హిందీలో అడిగాడు. మేడం అన్నీ చెప్పింది. తోటమనిషి అమాయకంగా బొట్లు పెట్టిందని, మా హెల్పర్ నిర్లక్ష్యం వల్లే జరిగిందని, అతన్ని తీసేశామని, తుడిపించేశామని వరసగా చెప్పింది.

ఆయన ముఖం వాడిపోయింది. "తుడిచేశారా? నా జీవితంలో నా పనికి జరిగిన గొప్ప సంగతి అది! ఎవరు తుడిచింది?"

మేడం వేలు లేచింది. అదే వేలు. పొద్దున పెట్టినందుకు నా మీదికి వచ్చిన వేలు ఇప్పుడు తుడిచినందుకు నా మీదికే వచ్చింది. దారి కూడా వెతుక్కోలేదు.

"మళ్ళీ పెట్టు" అంది మేడం.

"పొద్దున మీరే తుడవమన్నరు గద."

"వాదించకు. పెట్టు."

ఆయన అడ్డుపడ్డాడు. ఎవరు పడితే వాళ్ళు పెడితే అది అబద్ధమవుతుందట, అదే చెయ్యి కావాలట. భాయ్ వెళ్ళి అవ్వను పిలుచుకొచ్చాడు. అవ్వ హాల్లోకి వచ్చి, బోసిగా ఉన్న నాగళ్ళను చూసి, మొదట తిట్టింది నన్నే.

"ఎవడన్న పెట్టిన బొట్టు తుడుస్తడారా? మొగుడు సచ్చిండా దానికి? నీ సేతులెట్లొచ్చినయ్?"

"మేడం తుడువుమన్నది అవ్వా."

"మేడం బాయిల దుంకుమంటె దుంకుతవా?"

ఆ పూట నేను దుంకేసే ఉన్నానని ఆమెకు చెప్పలేదు. మేడం స్వరం మార్చి, బుజ్జగిస్తూ, మళ్ళీ పెట్టమని అడిగింది. అవ్వ తల అడ్డంగా ఊపింది.

"నిన్న పండుగ పూట బోడిగ సూడబుద్ది గాక పెట్టిన. తుడిసినంక గట్ల పెట్టరాదు. గాల్ల ఉరేసినట్టు ఏలాడవట్టిండ్రు, దానికి బొట్టేంది? కిందికి దింపున్రి. భూమికి ఆనాలె. అప్పుడు పెడ్త."

భాయ్ దాన్ని హిందీలో చెప్పాడు. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించి, ఒక్కటంటే ఒక్కటి దింపడానికి ఒప్పుకున్నాడు. నాగలి దింపడానికి కాదు, ఆకాశం దింపడానికి అనుమతి ఇచ్చినంత బరువుగా ఒప్పుకున్నాడు. అందరూ నా వైపు తిరిగారు.

"త్వరగా దించు. గెస్టులు వచ్చే టైమయింది" అంది మేడం.

అప్పుడు నేను నిచ్చెన కింది మెట్టు మీద కూర్చున్నాను. ఆ కళాకేంద్రంలో నేను మేడం ముందు కూర్చోవడం అదే మొదలు.

"నా కార్డు మీద హెల్పర్ అని ఉన్నది మేడం. టెక్నీషియన్ను పిలువున్రి. ఆయన దింపుతుంటె సాయం జేస్త."

"ఇది జోకులేసే టైమా?"

"జోకు గాదు మేడం. పొద్దుగాల నన్ను తీసేసిండ్రు. తీసేసినోడు చైన్ పుల్లీ ముట్టుకుంటె, నాగలి ఎవలి నెత్తిమీదన్న పడితె జవాబెవలిస్తరు?"

"సహీ బాత్ మేడం" అన్నాడు భాయ్ వెనక నుంచి, ఎవరూ అడక్కుండానే. "ఇన్సూరెన్స్ లొల్లి ఐతది."

మేడం బొంబాయికి ఫోన్ చేసింది. స్పీకర్లోంచి ముందు డోళ్ళ మోత వినిపించింది, తర్వాత మా టెక్నీషియన్ గొంతు. "అక్కడే లోకల్‌గా ఎవరైనా ఉంటారు, చూడండి" అన్నాడు. అన్నాళ్ళు నేనెక్కిన నిచ్చెన కింద నిలబడి లెఫ్ట్, రైట్ అన్నవాడు. ఎవరైనా ఉంటారట.

గేటు దగ్గర మొదటి కారు హారన్ వినిపించింది. మేడం కప్పు వైపు చూసింది, నా వైపు చూసింది, గేటు వైపు చూసింది.

"సరే. ఈ రోజు నుంచి నువ్వు టెక్నీషియన్‌వి. లే."

"జర గట్టిగ చెప్పున్రి మేడం. భాయ్‌కు ఇనవడలేదు."

"ఇనవడ్డది" అన్నాడు భాయ్. "గని ఇంకోసారి ఇంటె మంచిగుంటది."

ఆవిడ ఇంకోసారి చెప్పింది. పళ్ళ మధ్య నుంచి చెప్పింది, అయినా చెప్పింది. నేను లేచాను.

పుల్లీ తగిలించి, గొలుసు చేతికి తీసుకుని, మెల్లగా వదిలాను. తిరగేసి వేలాడుతున్న నాగలిని సగంలో ఆపి, భాయ్, నేను కలిసి మొన కిందికి వచ్చేలా తిప్పాం. గచ్చు మీద ఆనినప్పుడు చప్పుడు రానివ్వలేదు. అవ్వ దగ్గరికి వచ్చి చుట్టూ చూసి, "బూట్లిడువున్రి" అంది. కళాకారుడు కూడా విడిచాడు. ఆయన మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు ఉంది. అందరూ చూశారు, ఎవరూ అనలేదు. నేను ఇప్పుడు అంటున్నాను.

అతిథులు వచ్చేసరికి అవ్వ పసుపు రాస్తోంది. ఆ దృశ్యానికి వాళ్ళంతా కరిగిపోయారు. బూట్లు వరండాలో గుట్ట పడ్డాయి. కళాకేంద్రం కట్టించిన పెద్దమనిషి వంగి నాగలిని రెండు చేతులా కళ్ళకద్దుకున్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయని పక్కవాళ్ళు చెప్పుకున్నారు. ఆ నాగలి దున్నిన పొలాన్ని ప్లాట్లు చేసింది ఆయనేనేమో నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. కొన్నవాడు అన్నీ గుర్తుపెట్టుకోలేడు కదా.

మైకు దగ్గర మేడం మాట్లాడింది. స్థానిక సంప్రదాయాన్ని కళలో భాగం చేయాలని తాము మొదటి నుంచీ అనుకున్నామని చెప్పింది. మొదటి నుంచీ అంటే మధ్యాహ్నం నుంచి. అవ్వ పేరు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ అడిగి తెలుసుకోలేదు. పళ్ళరసం గ్లాసులు తిరుగుతుంటే భాయ్ పళ్ళెంలోంచి రెండు ఎత్తుకొచ్చి ఒకటి ఆమెకిచ్చాడు. ఒక గుక్క తాగి, "పుల్లగున్నది" అని మిగతాది మందారచెట్టుకు పోసింది.

మీకు నీతి కావాలంటే ఇక్కడ ఆగిపోవచ్చు. కాని టెక్నీషియన్ ఉద్యోగంలో నా మొదటి రోజు అసలు మర్నాడు మొదలైంది.

పొద్దున్నే కళాకారుడు, మేడం హాల్లో నిలబడి ఉన్నారు. నిన్న తీసిన బొట్టు ఫోటోలు అందాయని, అద్భుతంగా ఉన్నాయని, ఇక ఆ నాగలిని మళ్ళీ పైకి ఎత్తి మిగతావాటి వరసలో కలిపేయమని ఆయన అన్నాడు. ఒక్కటి నేల మీద ఉంటే వరస చెడిపోతోందట. నిన్న గొప్ప సంగతి, ఇవాళ వరస. కిటికీ అవతల అవ్వ మొక్కలకు నీళ్ళు పడుతోంది. పైపు ఒకే మొక్క మీద ఉంది, కళ్ళు హాల్లో ఉన్నాయి.

నేను నిచ్చెన వేసుకుని పైకెక్కాను. కొక్కేన్ని పట్టుకుని ఊపాను. కొండలా గట్టిగా ఉంది, బిగించింది నేనే. దాని చుట్టూ వేలితో తట్టి, చెవి ఆనించి, కాసేపు అలాగే ఉన్నాను. ఈ చెవి ఆనించడం ఎవరూ నేర్పలేదు, దానివల్ల తెలిసేదీ ఏమీ లేదు. కిందికి దిగి చేతులు దులుపుకున్నాను.

"నిన్నటి దింపుడుకు కొక్కెం ఖరాబైంది సార్. మళ్ళ బరువేస్తె ఆగదు. జనం కింద తిరుగుతరు."

మేడం హిందీలో చెబితే ఆయన కప్పు వైపు చూశాడు. మేడం కప్పు వైపు చూసింది. తెల్లటి కప్పులో వాళ్ళకు ఏం కనిపించిందో గాని ఇద్దరూ తల ఊపారు.

"ఇంకో కొక్కెం వేయలేమా?" అన్నాడాయన.

"కప్పు పగులుతది సార్."

"టెక్నీషియన్ చెబుతున్నాడు కదా" అంది మేడం. వెటకారం కోసం వెతికాను, దొరకలేదు. అదే నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది.

ఆ నాగలి ప్రదర్శన ముగిసేదాకా నేల మీదే ఉంది. అన్నీ వేలాడుతుంటే ఒక్కటి మాత్రం భూమిని ఎందుకు తాకుతోందో వివరిస్తూ పెద్దపెద్ద వ్యాసాలు వచ్చాయి. ఒకాయన నన్ను పక్కకు పిలిచి తన వ్యాసం చదివి వినిపించాడు కూడా. బాగుంది సార్ అన్నాను. తర్వాత ఆ హాల్లో ఎన్నో ప్రదర్శనలు నిలబెట్టాను, ఎందరికో పని నేర్పాను, రిటైరయ్యాను. ఏ ప్రదర్శనలోనూ ఏ వస్తువూ నా మాటను అంత సులభంగా నిలబెట్టలేదు.

ఆ రోజు హాల్లోంచి బయటికి రాగానే అవ్వ పైపు కింద పడేసి వచ్చింది.

"ఏమంటుండ్రు? మళ్ళ గుంజుతరా దాన్ని?"

"గుంజరు అవ్వా. కొక్కెం ఖరాబైంది."

"అగో, నిన్న మంచిగనె దిగె గద?"

"ఇప్పుడు సుత మంచిగనె ఉన్నది."

"మరి ఖరాబైందంటివి?"

"ఇయ్యాల్టి సంది నేను ఖరాబంటె ఖరాబే."